పొయ్యి చుట్టూ తిరిగిన రైలు

పెద్ద యుద్ధం ఆగిపోయిన సంవత్సరం, క్రిస్మస్ తెల్లవారి, అంటే మరునాడు బుధవారం, పొద్దున పదకొండు గంటలకు మా మేనత్త పొయ్యి చుట్టూ రైలు తిరిగింది. మా దగ్గర ఎవరికీ గడియారం లేదు. దేవరకద్ర స్టేషన్‌లో పదకొండు గంటల బండి కూత పెట్టింది సరిగ్గా అప్పుడే కాబట్టి గంట చెప్పగలుగుతున్నాను. ఆ బండి ఆ రోజు ఆలస్యంగా వచ్చి ఉంటే నా లెక్క తప్పు. ఉండనీయండి.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మనవరాలి పలక మీద దిద్ది నేర్చుకున్నాను. అందంగా రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాయడం వచ్చు. అది చాలనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

రైలంటే మనుషులు ఎక్కే రైలు కాదు. ఆటబండి. రేకుతో చేసి రంగు వేసింది. చావి తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుని, వదిలితే ఇంజను కిర్రుమంటూ పోతుంది. వెనక బొగ్గు డబ్బా ఒకటి, మనుషుల డబ్బాలు రెండు, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. వంపు పట్టాలు ఎనిమిది ముక్కలు. ఎనిమిదీ ఒకదాని చివర ఒకటి గుచ్చితే గుండ్రంగా వస్తుంది. ఏడు పెడితే రాదు. నా పెండ్లి రెండేండ్లు ఆగిపోయింది ఆ ఎనిమిదో ముక్క దగ్గరే.

మొదటి నుంచి చెప్తాను.

మా వాళ్ళకు భూమి లేదు. దొరల చేన్లలో కూలి చేసుకుంటూ, పాలమూరులో మిషన్ బంగ్లా వెనక వాడలో ఉండేవాళ్ళం. బంగ్లాలో ఒక దొరసాని ఉండేది. ప్రతి క్రిస్మస్‌కు ఆమె దేశం నుంచి ఒక చెక్కపెట్టె వచ్చేది. అందులో గౌన్లు, సబ్బులు, బొమ్మలు. మేం పిల్లలందరం వరుసలో నిలబడితే తలా ఒకటి ఇచ్చేది. ఒక సంవత్సరం పెట్టె చిన్నది వచ్చింది. ఆడుకునే వస్తువు అందులో ఒక్కటే, ఈ రైలు. పిల్లలమేమో వరండా నిండా ఉన్నాం.

దొరసాని ముందు వరండాలో పట్టాలు పరిచి, చావి తిప్పి, బండిని ఒకసారి నడిపి చూపించింది. కొవ్వొత్తుల వెలుగులో అది తిరుగుతుంటే మాలో ఒక్కరం కూడా ఊపిరి తీసుకోలేదు. ఆగిపోయాక ఆమె చేసిన పని ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను. బండిని ఎక్కడికక్కడ ఊడదీసింది. ఊడదీసి, వరుసలో ఉన్న పిల్లలకు తలా ఒక ముక్క పంచింది. ఎవరూ ఒట్టి చేతులతో ఇంటికి పోకూడదని ఆమె ధర్మం. ధర్మం మంచిదే. బండి మాత్రం ఆ రోజే ఆగిపోయింది.

మా అన్న అందరినీ తోసుకుని ముందు నిలబడ్డాడు. వాడికి ఇంజను వచ్చింది. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, పండుగకు మా ఇంటికి వచ్చి, వరుస నడుమ ఎక్కడో ఉన్నాడు. వాడికి ఒక పట్టా ముక్క వచ్చింది. నేను అందరికన్నా వెనక. నా దాకా వచ్చేసరికి చావి మిగిలింది. రెండు రెక్కలున్న చిన్న ఇనుప చావి. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను.

మా అవ్వ, అంటే మా బాపు తల్లి, నన్ను లేపి కండ్లు తుడిచింది.

“ఏడ్వకు బిడ్డా. గది నీ అత్తగారింటి సందుగ చావి. మెడల ఏస్కో, పోగొట్టకు.”

దారం గుచ్చి మెడలో వేసింది. నేను ఆ మాట నిజమనుకుని చాలాకాలం వాడలో కనిపించిన ప్రతి పెట్టెకూ ఆ చావి పెట్టి చూశాను. అందరి వెనక ఉండి దొరసాని చావి తిప్పడం నేను చూడలేదు గదా, మా ఇంట్లో ఇంజను ఉంది, నా మెడలో చావి ఉంది, రెండూ ఒకదానికొకటి అని అన్న చెప్పేదాకా తెలియలేదు. వాడు ఇంజనును వెల్లకిలా పట్టుకునేవాడు, నేను చావి తిప్పేదాన్ని, చక్రాలు గాలిలో తిరిగేవి. నేల మీద పెడితే వంకరగా పోయి గోడకు గుద్దుకునేది. మా ఆట అంతే.

పిల్లలం పెద్దయ్యాం. కొందరు పెండ్లయి పోయారు, కొందరు పని వెతుక్కుంటూ పోయారు. ముక్కలు కూడా వాళ్ళతోనే పోయాయి. అన్న రైల్వేలో గ్యాంగు కూలీ అయ్యాడు. పగలంతా గడ్డపార పట్టుకుని అసలు పట్టాలు సరిచేసేవాడు. పని దిగగానే రేకు పట్టాల కోసం ఊర్లు తిరిగేవాడు. ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో వాడికి నోటికి ఉండేది. ఒక ముక్క తాపీపని చేసే వాడి ఇంట్లో చిలక పంజరంలో నిచ్చెనగా ఉంది. ఇంకొకటి ఒకావిడ తలుపుకు కొట్టి బట్టలు తగిలించుకునేది. బొగ్గు డబ్బాలో ఒక తాత పొగాకు పెట్టుకునేవాడు. ఊరికే ఎవరు ఇస్తారు? అన్న బదులు వస్తువు పట్టుకుని పోయేవాడు. పంజరానికి వెదురు నిచ్చెన చేసి ఇచ్చాడు. తలుపుకు సర్వి కర్ర కొయ్యలు కొట్టి ఇచ్చాడు. తాతకు మూతున్న సిగరెట్టు డబ్బా ఇచ్చాడు. ఎర్ర డబ్బా ఉన్న అక్క నల్లగొండ పక్కన పానగల్‌కు పెండ్లయి పోయింది, అందులో సూదులూ దారమూ పెట్టుకునేది. నీలి డబ్బా ఉన్నవాడు అచ్చంపేటలో అడవి కర్ర తోలే బండివాడు. వాళ్ళిద్దరూ ఇచ్చేది లేదన్నారు. కానీ బండి తిరిగే రోజు పట్టుకుని వస్తామన్నారు.

ఈ మధ్య మా మనవడు నన్ను హైదరాబాదులో ఒక ఇంటికి తీసుకుపోయాడు. జుట్టు నెరిసిన మగవాళ్ళు అక్కడ ఆటరైళ్ళు పోగుచేసి అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు. నాకు చాయ్ ఇచ్చి, మీ బండి ఏ దేశానిది, దాని అట్టపెట్టె ఉందా అని అడిగారు. పెట్టె ఉంటే ఏం లాభం, బండి పెట్టెలో ఎన్నడూ లేదుగా అన్నాను. వాళ్ళలో ఒకాయన తనకు పాలు మోసే రైలుడబ్బా ఒక్కటి దొరకడం లేదని, ఎన్నేండ్లుగానో వెతుకుతున్నానని చెప్తుంటే, ఆయన ముఖంలో నాకు మా అన్న కనిపించాడు. కూడు కూడా గుర్తుండని ముఖం అది.

అన్నకు తోడు ఒక చాచా ఉండేవాడు. మా పక్కింటాయన. ఇంజన్లు కడిగే ఖలాసీగా చేసి దిగిపోయాడు. కిరోసిన్ డబ్బాలు కత్తిరించి తనే రైళ్ళు చేసుకునేవాడు. గూట్లో వరుసగా పేర్చి, పొద్దున లేవగానే బట్టతో తుడిచేవాడు. వాటికి స్ప్రింగు లేదు, తాడు కట్టి లాగాలి.

“నీది విలాయతు బండి బేటా, నాది దేశీ బండి” అనేవాడు అన్నతో. “నాది తాడు గుంజితె వస్తది. నీది ఎన్నడన్న వచ్చిందా?”

“వస్తది చాచా. ఒక్క ముక్క దక్కువుంది.”

“ఒక్క ముక్క దక్కువున్న పట్టా మీద డ్రైవరు పోతడా? నువ్వే చెప్పు, గ్యాంగోనివి.”

ఆ ఒక్క ముక్క మా మేనత్త దగ్గర ఉంది.

మేనత్త మా బాపుకు చెల్లెలు. దేవరకద్ర పక్క ఊళ్ళో ఉండేది. బావకు వచ్చిన పట్టా ముక్క ఎప్పుడో ఆమె పొయ్యి దగ్గరికి చేరింది. మా వైపు జొన్నరొట్టె ఎలా చేస్తారో తెలియనివాళ్ళకు చెప్తాను. పిండి కలిపి చేత్తో కొట్టి, పెంక మీద రెండు వైపులా కాల్చి, ఆ తర్వాత నిప్పుల ముందు నిలబెడతాం. నిప్పు సెగకు అది పొంగుతుంది. నిలబెట్టడంలోనే ఉంది కష్టమంతా. జారి బూడిదలో పడుతుంది. ఆ పట్టా ముక్కకు రెండు పక్కలా కమ్ములు, నడుమ అడ్డపట్టీలు, పైగా వంపు. నిప్పుల ముందు దాన్ని వాల్చి రొట్టె ఆనిస్తే, కొలిచి చేసినట్టు ఉండేది. మా అత్త రొట్టె బంతిలా పొంగేది. ఆమె దాన్ని పట్టా అనేది కాదు, రొట్టె రేకు అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని చూసిపోవడానికే వచ్చేవాళ్ళు.

ఇప్పుడు పెండ్లి మాట. మా రెండిండ్ల నడుమ కుండమార్పిడి అనుకున్నారు. అంటే ఆ ఇంటి పిల్ల మా ఇంటికి, మా ఇంటి పిల్ల ఆ ఇంటికి. అత్త బిడ్డను అన్న చేసుకోవాలి, నన్ను బావకు ఇవ్వాలి. ఒకటి ఆగితే రెండూ ఆగుతాయి. నాకు మా బావ మీద మనసు ఉండేది. ఈ వయసులో దాచుకునేది ఏముంది? బాగా ఉండేది.

జొన్న కోతలు అయిపోయినాక బాపు, అన్న, నేను మాట్లాడుకోవడానికి అత్త ఇంటికి పోయాం. రొట్టెలు పెట్టింది. తిన్నాం. చేతులు కడుక్కోకముందే అన్న మొదలుపెట్టాడు.

“అత్తా, నాకు ఏం వద్దు. గా పట్టా ముక్క ఒక్కటియ్యి. బండి తిరుగుడు కండ్లార సూస్త. తెల్లారి పెండ్లంటె తెల్లారే చేసుకుంట.”

“ముందు పెండ్లి చేస్కో. పెండ్లైనంక రేకు కాదు, పొయ్యి గూడ పీక్కపో.”

“పెండ్లైనంక నేను అల్లున్ని. అత్తగారింట్ల అదియ్యి ఇదియ్యి అని అడిగితె మర్యాదనా? అందుకే గిప్పుడే అడుగుతున్న.”

“గిప్పుడిస్తె సంకల పెట్టుకొని పోతవు. మళ్ళ నా గడప తొక్కుతవా? నువ్వు నా బిడ్డ కోసం వస్తలేవు పిలగా, నా రొట్టె రేకు కోసం వస్తున్నవు. నాకెరుకనే.”

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అదే చిక్కు. బాపు చుట్ట ముట్టించుకుని వాకిట్లోకి పోయాడు. ఆయన ఎప్పుడూ అంతే, లొల్లి మొదలైతే చుట్ట గుర్తొస్తుంది.

అత్త బిడ్డ నన్ను ఇంటి వెనక్కి లాక్కుపోయింది.

“వదినా, మీ అన్నకు నేను కావాల్నా రేకు కావాల్నా? సక్కగ అడిగి చెప్పు.”

దారిలో అన్నను అడిగాను. వాడు చాలాదూరం ఆలోచించి, “రెండు గావాలె” అన్నాడు. అబద్ధం చెప్పడం వాడికి రాదు. మళ్ళీ పోయినప్పుడు నేను ఆ మాటే పట్టుకుపోయి చెప్పాను. ఆమె నవ్వింది. “రేకు ముందు చెప్పలె, మంచిదే” అంది.

అట్లా ఒక సంవత్సరం పోయింది. చాచా నడుమ పడి కిరోసిన్ డబ్బా రేకుతో రెండు ముక్కలు చేశాడు, ఒకటి బండికి, ఒకటి రొట్టెకు. బండికి చేసినదాన్ని అన్న తాకనే లేదు. నకలు ముక్క పెడితే అది ఆ రోజు తిరిగిన బండి ఎట్లా అవుతుందన్నాడు. రొట్టెకు చేసినదాన్ని అత్తకు పంపితే, ఆమె మూడు రొట్టెలు కాల్చి, మూడూ కిరోసిన్ కంపు కొడితే బర్రెకు వేసి, రేకును తిప్పి పంపింది. “మీ చాచకు చెప్పు, మేం రొట్టె తింటం గాని దీపం తాగం” అని కబురు.

ఆ మరుసటి సంవత్సరం బావ ఒకరోజు పాలమూరు సంతకు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

“నేను రేకు దొంగతనం చేసి తెచ్చిస్త. మా అమ్మ పొలం పోయినప్పుడు.”

“తెచ్చిస్తవు. సాయంత్రం రొట్టె బూడిదల పడ్డదంటె మీ అమ్మకు తెల్వదా? పెండ్లైనంక ఆ ఇంట్ల తినాల్సింది నేను.”

“మరెట్ల?”

ఎట్లా అన్నది నాకు అప్పుడు, సంతలో, జొన్నపిండి అమ్మే ఆవిడ ముందు నిలబడి ఉండగా తట్టింది. రేకును బండి దగ్గరికి తేవాలని రెండేండ్లు కొట్లాడుతున్నాం. బండిని రేకు దగ్గరికి తీసుకుపోతే ఏమవుతుంది? చలికాలం అత్త వాకిట్లోనే వండుతుంది. పొయ్యి వాకిలి నడుమ ఉంది. దాని చుట్టూ పట్టాలు పరిస్తే రేకు పొయ్యి దాటనక్కర లేదు, అన్న బండి తిరుగుతుంది.

అన్నకు చెప్తే మొదట ముఖం ముడుచుకున్నాడు. రైలు పొయ్యి చుట్టూ తిరుగుడేంది అన్నాడు. చాచా నా పక్క మాట్లాడాడు. “అసలు ఇంజనుల ఏముంటది బేటా? పొయ్యే గద. జర సోచాయించు.” అత్తకు బావ చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగిందట, ఇంతమంది వస్తే రొట్టెలు ఎవరు చేస్తారని. తనే జవాబు చెప్పుకుందట, ముందు రొట్టెలు, తర్వాత రైలు అని.

క్రిస్మస్ తెల్లవారి ఎవరికీ పని ఉండదు కాబట్టి ఆ రోజు అనుకున్నాం. పానగల్ అక్క ఎర్ర డబ్బాను కొంగులో మూటగట్టుకుని ముందు రోజే మా ఇంటికి వచ్చింది. హైదరాబాదు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. డబ్బాలో సూదులు తీయడం మరచిపోయింది, దారి పొడుగునా గుచ్చుకున్నాయని తిట్టుకుంటూ వచ్చింది. అచ్చంపేట బండివాడు తెల్లవారి నేరుగా అత్త ఊరికి వచ్చాడు. అతని నీలి డబ్బాకు పైకప్పు ఎప్పుడో పోయిందట, వెదురుబద్దతో కొత్తది చేసి బిగించాడు. అన్న దాన్ని చూసి నెత్తి గోక్కున్నాడు. “అడవిల ఎండ ఎక్కువ అన్నా, మనుషులకు నీడ గావాలె గద” అన్నాడు బండివాడు.

బాపు, అమ్మ, అవ్వ, చాచా, పానగల్ అక్కతో మేం పోయేసరికి అత్త రొట్టెలు చేస్తూనే ఉంది. రేకు నిప్పుల ముందు ఉంది. నల్లగా, రంగు ఆనవాలు లేకుండా. అన్న ఏడు ముక్కలు పొయ్యి చుట్టూ పరిచి, ఎనిమిదోదాని కోసం ఖాళీ ఉంచి, గొంతుక్కూర్చున్నాడు. అత్త తొందరపడలేదు. అందరం తిన్నదాకా రొట్టెలు చేసింది. అప్పుడు పట్టుకారుతో రేకును పట్టుకుని వాడి ముందు పెట్టింది.

“కాలుతాంది. జర సల్లారనీ.”

“గరం పట్టా మీద బండి నడుపుడు నా సర్వీసుల గూడ సూడలే” అన్నాడు చాచా.

చల్లారినాక చూస్తే అసలు కష్టం కనబడింది. ఇన్నేండ్లు నిప్పుల ముందు ఉండి ముక్క ఒక పక్కకు మెలిపడింది. గుచ్చితే గుచ్చుకుంది గాని ఒక కమ్మి లేచి నిలబడింది. అన్న గ్యాంగు కూలీ గదా, నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, అసలు పట్టాను చూసినట్టే దాని వెంబడి చూశాడు. లేచిన వైపు కింద గట్టిగా ఆసరా లేక ఊగుతున్నదన్నాడు. సన్నకంకర ఏరి కిందికి దోపాడు. ఊగింది. ఇటుక పెళ్ళ పెట్టాడు. ఎత్తయింది. ఇంజనును ఉత్త చేత్తో తోసి చూస్తే అక్కడికి వచ్చి ప్రతిసారీ పడిపోయింది. ఎవరూ నవ్వలేదు. చాచా కూడా నవ్వలేదు.

నా దగ్గర తినకుండా మిగిలిన రొట్టె ముక్క ఉంది. ఇంకా మెత్తగా ఉంది. రెండు మడతలు పెట్టి ఆ పట్టా కిందికి తోశాను. అన్న చేత్తో పైనుంచి అదిమాడు. రొట్టె ఎంత అణగాలో అంత అణిగి, ముక్క సమంగా కూర్చుంది. వాడు మళ్ళీ బోర్లా పడుకుని చూశాడు. లేచి నా వైపు చెయ్యి చాపాడు.

“చావియ్యి.”

నేను చావిని మెడలోంచి తీశాను. పిడికిట్లో పట్టుకున్నాను.

“ఇయ్య.”

“ఏందే?”

“మీ ఇద్దరు రెండేండ్ల సంది కొట్లాడుతున్నరు. నువ్వు బండి ముందంటవు, అత్త పెండ్లి ముందంటది. బండి తిరిగినంక నువ్వు లేచిపోతె? రేకు మళ్ళ చేతికొచ్చినంక అత్త మాట మారిస్తె? ఇంజను నీది, రేకు ఆమెది. చావి నాది. ఇద్దరు అందరి ముందట మాట ఇచ్చి బెల్లం తినిపించుకోండ్రి. అప్పుడు తిప్పుత.”

బాపు చుట్ట నోట్లోంచి తీశాడు. ఆడపిల్ల తన పెండ్లి తనే మాట్లాడటం ఆ రోజుల్లో ఎవరూ వినలేదు. నా చెవులు మండుతున్నాయి, అయినా పిడికిలి విప్పలేదు.

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“సూడుండ్రి దీని నోరు. గిది నా ఇంటికొస్తె నాకు మాట దక్కుతదా?”

“దక్కది” అంది అవ్వ మూల నుంచి. “చావి నేనే కట్టిన మెడల. అత్తగారింటిదని అప్పుడే చెప్పిన.”

మొదట నవ్వింది అత్తే. ఆమె నవ్వితే ఇక అందరూ నవ్వారు. లోపలికి పోయి బెల్లం గడ్డ తెచ్చి పగులగొట్టింది. ఒక ముక్క అన్న నోట్లో పెట్టింది, ఒక ముక్క బాపు నోట్లో పెట్టింది. ఎండాకాలంలో, చర్చిలో, ఒకే రోజు రెండు పెండ్లిండ్లు అని బాపు చెప్పాడు. ఆ రోజు ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. అత్త బిడ్డ గుమ్మంలో నిలబడి అన్న దిక్కు చూసింది. అన్న ఇంజను దిక్కు చూస్తున్నాడు. ఆమె వచ్చి వాడి భుజం మీద ఒక దెబ్బ వేసి పోయింది.

అప్పుడు చావి పెట్టి తిప్పాను. బిగుసుకునేదాకా తిప్పాను. చాచా తన గూట్లోంచి తెచ్చుకున్న పచ్చగుడ్డ ఊపాడు. అదే సమయానికి చేన్ల అవతల దేవరకద్ర స్టేషన్‌లో పెద్ద బండి కూత పెట్టింది. అన్న చెయ్యి వదిలాడు.

కదిలింది. కిర్రుమంటూ, వెనక బొగ్గు డబ్బా, ఎర్రది, వెదురు కప్పుతో నీలిది. అత్త రొట్టెల పొయ్యి చుట్టూ, బూడిద పక్క నుంచి, పట్టుకారు పక్క నుంచి. మెలిపడ్డ ముక్క దగ్గరికి వచ్చింది. అందరం ముందుకు వంగాం. రొట్టె మీద కొంచెం కిందికి దిగి, పైకి లేచి, దాటిపోయింది. పానగల్ అక్క ఏడుస్తూ ఉంది. ఎందుకే అంటే, “దొరసాని వరండల గిట్లనే వాసన వచ్చింది” అంది. కొవ్వొత్తి వాసన ఎక్కడిది, అత్త పొయ్యిలోని పిడకల వాసన అది. నాకు కూడా కొవ్వొత్తుల వాసనే వచ్చింది. అన్న నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టిలో ఆనించి, బండి తన ముక్కు ముందు నుంచి పోయిన ప్రతిసారీ కండ్లు మూసి తెరుస్తున్నాడు.

రెండో చుట్టు తిరిగింది. మూడోదీ తిరిగింది. నాలుగో చుట్టులో అత్త కోడిపెట్ట ఒకటి మా కాళ్ళ సందుల్లోంచి దూరి వచ్చి, పట్టా కింద రొట్టె చూసి, ఒక్క గుంజు గుంజింది. ఇంజను ఎగిరి బూడిదలో పడి, చక్రాలు పైకి పెట్టి, ఇంకా తిరుగుతూనే ఉంది. కోడి రొట్టె పట్టుకుని పరుగు. బావ దాని వెనక పరుగు.

“పట్టా కింద రాయి పెడ్తరు బేటా, నాస్టా పెట్టరు” అని చాచా అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అన్న బూడిదలోంచి ఇంజను తీసి, ఊది, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. వాడు అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ ఎండాకాలం రెండు పెండ్లిండ్లూ అయ్యాయి. ఇంజను, ఏడు పట్టాలు అన్న ఇంట్లో ఉండిపోయాయి. రొట్టె రేకు అత్త పొయ్యి దగ్గరే ఉంది. చావి నా మెడలోనే అత్తగారింటికి వచ్చింది. అన్న పెండ్లైనాక నిజంగానే ఏమీ అడగలేదు. అడగనక్కర కూడా లేదు, ప్రతి క్రిస్మస్ తెల్లవారి బండి మూట నెత్తిన పెట్టుకుని భార్యతో వచ్చేవాడు. రాజ్యం మారేముందు గడబిడ రోజుల్లో ఒక సంవత్సరం మాత్రం దారులు బాగాలేక ఎవరూ రాలేదు. ఆ రోజు నేను చావికి కొంచెం నూనె రాసి, మళ్ళీ మెడలో వేసుకున్నాను. మా అత్త పోయినాక ఆ రేకు మీద రొట్టెలు నేను చేశాను. ఆమెకు వచ్చినట్టు నాకు రాలేదు. ఉన్నమాట.

మొదటిసారి తిరిగిన రోజు అత్త వాకిట్లో ఉన్నది వీళ్ళు. ఇంజను పట్టుకుని మా అన్న. పట్టుకారు పట్టుకుని మా మేనత్త. ఆరిపోయిన చుట్టతో మా బాపు, మూలన మా అవ్వ, నేను ఏమంటానో అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవ్వ పక్కన మా అమ్మ. గుమ్మంలో మా అన్నకు కాబోయే భార్య. పచ్చగుడ్డతో చాచా. ఎర్ర డబ్బా తెచ్చిన పానగల్ అక్క, నీలి డబ్బా తెచ్చిన అచ్చంపేట బండివాడు. కోడి వెనక పరుగెత్తిన మా బావ. చావితో నేను. మధ్యాహ్నం కూరయ్యేదాకా, ఆ కోడి.